ఒక్క శాలువా, ఎన్ని భుజాలో

చెల్పూర్,
12 జనవరి 2025.

మామయ్యకు రచన నమస్కారాలు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకండి. మొన్న మీకు ఫోన్ చేశాను కదా. చెవికి సరిగా ఆనదని మీరు స్పీకర్ పెట్టారు. నేను అడిగింది మిమ్మల్ని. జవాబు చెప్పింది మీ దుకాణంలో చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు, పక్క దుకాణం ఆయన. "పెండ్లెప్పుడు జేస్కుంటవ్ బిడ్డా?" అని ఇంకో గొంతు కూడా వచ్చింది. అది ఎవరిదో నాకిప్పటికీ తెలియదు. అందుకని కాగితం మీద అడుగుతున్నాను. దీనికి స్పీకర్ ఉండదు.

నాకో శాలువా కావాలి. చలికి కాదు. సన్మానాల్లో కప్పుతారే, ఎర్రగా, అంచున జరీ మెరుస్తూ, వీధి చివర నుంచి చూసినా ఎవరికో ఏదో గౌరవం జరిగిందని తెలిసిపోయేది, అలాంటిది. ఎంత మెరిస్తే అంత మంచిది.

సంగతేమిటంటే, భూపాలపల్లిలో స్టూడియో పెట్టినప్పటి నుంచి నేను తీస్తున్నవి పెళ్లిళ్లు, పుట్టినరోజులు, సన్మానాలు. పెళ్లిళ్లలో కనీసం మనుషులు మారతారు. సన్మానాల్లో ఎప్పుడూ అవే ముఖాలు. ఈ వారం ఇక్కడ కప్పించుకున్నాయన పై వారం పక్క ఊళ్లో కప్పించుకుంటూ కనిపిస్తాడు. నన్ను చూసి "వచ్చినవా?" అని ఇంటి మనిషిలా పలకరిస్తాడు కూడా. చూసి చూసి విసుగొచ్చి ఒక ఆట అనుకున్నాను. ఒకే శాలువా పట్టుకుని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు తిరుగుతాను. ఇంతవరకూ ఎవరూ శాలువా కప్పనివాళ్లను వెతికి, వాళ్లు పని చేసుకునే చోటే అది కప్పి ఫొటో తీస్తాను. మనుషులు మారతారు, శాలువా మారదు. అంతే. చూసినవాళ్లు నవ్వాలి. నవ్వాక కాసేపు ఆలోచించినా నాకేం అభ్యంతరం లేదు. జనగామలో నా స్నేహితురాలు రూప, తను పాఠాలు చెప్పే కాలేజీ హాల్లో ఏప్రిల్‌లో ప్రదర్శన పెట్టిస్తానంది.

ఇక్కడి సన్మానాలన్నిటికీ శాలువాలు వెళ్లేది తొర్రూరులో మీ దుకాణం నుంచే కదా. అమ్మ అయితే "మా అన్న పేరు వట్టి రామచంద్రం కాదు, శాలువాల రామచంద్రం" అంటుంది, అదేదో బిరుదైనట్టు. ఒకటి బస్సు పార్సిల్‌లో పడేయండి. అత్తయ్యను అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు,
రచన


తొర్రూరు,
18 జనవరి 2025.

లాభం.

చిరంజీవి రచనకు మేనమామ ఆశీర్వదించి రాయడమేమనగా, ఇక్కడ అందరం బాగున్నాం. మీ అత్త కల్యాణికి మోకాళ్లు, నాకు చెవులు తప్ప మిగతావన్నీ సక్రమంగా పనిచేస్తున్నాయి.

శాలువా పంపుతున్నాను. కొత్తది, ఎవరి భుజమూ ఎక్కనిది. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, నీకు ఈ వ్యాపారం లోగుట్టు తెలియదు. పెద్దమనుషులకు కప్పిన శాలువాలు కారు డిక్కీలో మూటలుగా చేరి, వాళ్ల మనుషుల చేతుల మీదుగా మళ్లీ నా దగ్గరికే వస్తాయి. ఇస్త్రీ చేయించి, కవరు మార్చి పెడతాను. ఒకసారి తనకు కప్పిన శాలువానే ఇంకొకరికి కప్పుతూ "ఎంత మంచి బట్ట, ఎక్కడ దొరికింది?" అని మైకులో మెచ్చుకున్నాయన ఉన్నాడు. ఊరికి కొత్తగా వచ్చిన ఆఫీసరుకు ఒకటి కొంటారు, బదిలీ మీద పోతుంటే ఇంకొకటి. రెండోది కొనేటప్పుడు జనం ముఖాల్లో కళ ఎక్కువగా ఉంటుంది.

నువ్వు ఫొటోలు తీస్తావు గానీ సన్మానం చూడవు. చెబుతాను, విను. కప్పే మనిషి, కప్పించుకునే మనిషి ఒకరినొకరు చూసుకోరు. ఇద్దరూ కెమెరానే చూస్తారు. కప్పించుకునేవాడి ముఖంలో "ఇవన్నీ నాకెందుకండీ" అన్న భావం ఉండాలి. చేతులు మాత్రం శాలువా జారకుండా గట్టిగా పట్టుకోవాలి. ముఖానికీ చేతులకూ పొంతన కుదిరితే అది సన్మానం కాదు. ఎవరి మటుకు వారే కప్పుకుంటే అది శాలువా కూడా కాదు, దుప్పటి. అందుకే నేను దుకాణంలో ఏ శాలువానైనా కొనేవారి భుజం మీద వేసి చూపిస్తాను తప్ప నా భుజం మీద ఎప్పుడూ వేసుకోను.

ఇంకో మాట. మన వర్తక సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. మార్చిలో ఉత్సవం చేస్తారు. పాత వ్యాపారులకు సన్మానం ఉంటుందని బజారులో అనుకుంటున్నారు. ఇన్నేళ్లుగా అందరి భుజాలకూ శాలువాలు అందించాను, నా భుజం మీద ఇంతవరకూ ఎవరూ ఒక తువ్వాల కూడా వేయలేదు. దానికి నాకు బాధేమీ లేదు. అలాంటి వాటి మీద నాకు మోజు లేదని నీకు తెలుసు. ఊరికే, సందర్భం వచ్చింది గనుక రాశాను.

శుభం కోరే,
మామయ్య


భూపాలపల్లి,
6 ఫిబ్రవరి 2025.

మామయ్యా,

శాలువా అందింది. విప్పగానే స్టూడియోలో ఇంకో లైటు వేసినట్టయింది!

మొదట మహబూబాబాద్, అదే మన మానుకోట, మిర్చి మార్కెట్‌కు వెళ్లాను. యాకమ్మ అని ఒకామె మిర్చి కుప్ప పక్కన కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. శాలువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "గీ ఎండల గిదెందుకు గప్పుతున్నవ్ బిడ్డా? నేనేం జేసిన్నని?" అంది. ఏమీ చేయనివాళ్లకు కప్పడం చాలా చూశాను, చేసేవాళ్లకు కప్పుదామనే వచ్చానన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "జరంత మాటకారివే" అని భుజం ఇచ్చింది. వెనక ఎర్ర మిర్చి, ఒంటి మీద ఎర్ర శాలువా. సరిగ్గా నేను నొక్కే క్షణానికి ఆమెకు మిర్చి ఘాటుకు తుమ్ము వచ్చింది. జరీ అంచు గాల్లోకి లేచింది. ఎన్ని తీసినా అదే బాగుంది, అదే ఉంచాను.

తర్వాత గంగారం అవతల ఒక తండాలో తుల్సీరాం అనే ముసలాయన. మేకలు కాస్తాడు. శాలువా చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "భోజనాలు ఏడ పెట్టిండ్రు?" భోజనాలు లేవంటే నిరుత్సాహపడ్డాడు. నాతో తెలుగు, మేకలతో తన భాష. నా మాట కంటే మేకలు ఆయన మాటే బాగా విన్నాయి. ఒక పిల్లమేక మాత్రం శాలువా కుచ్చు ఒకటి సగం నమిలి మింగేసింది, క్షమించండి.

మూడో ఫొటో మీ ఊరి బస్సులోనే. కండక్టర్ సుజాత గారు శాలువా కప్పుకుని టికెట్లు కొడుతుంటే ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన లేచి "గిట్ల గూసోండ్రి మేడం" అని సీటు ఇవ్వబోయాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకు సీటు ఇస్తానన్నవాళ్లు ఎవరూ లేరని ఆమె పడీపడీ నవ్వింది. ఈ మూడూ నా ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టాను. బాగా తిరుగుతున్నాయి.

మీ ఫొటో కూడా తీయాలని మొదట అనుకున్నాను. కానీ ఇలాంటి వాటి మీద మోజు లేదని రాశారు కదా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను లెండి.

ప్రేమతో,
రచన


తొర్రూరు,
13 ఫిబ్రవరి 2025.

లాభం అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా వ్యాపారి అలవాటు కొద్దీ రాస్తున్నాను.

రచనకు, ఆశీస్సులు.

నీ ఆట ఎంతదాకా వచ్చిందో విను. సుజాత ఫొటో తొర్రూరులో ప్రతి ఫోనులోకీ చేరింది. నా దుకాణం శాలువా అంచు బజారులో అందరూ గుర్తుపడతారు. పొద్దున్నే ఇద్దరు కండక్టర్లు వచ్చి నిలబడ్డారు. "ఆమె కంటె మాకు సర్వీసెక్కువ, సారు. ముందుగాల మాకు జెయ్యాలె గదా!" అన్నారు. నేను చేయలేదు మొర్రో అంటే, "మరి శాలువా మీదే గదా?" అన్నారు. వాళ్లకు చాయ్ ఇప్పించి పంపించాను.

వాళ్లు దుకాణం మెట్లు దిగారో లేదో సోమనర్సయ్య ఎక్కాడు. నీకు గుర్తుందో లేదో, ఎరువుల దుకాణం ఆయన, మన సంఘం అధ్యక్షుడు.

"ఏంది రామచంద్రం, ఉన్న సంఘం ఉండంగనే ఇంకో సంఘం పెట్టినవట? సన్మానాలు షురూ జేసినవట? అధ్యక్షునికి ఒక్క మాట జెప్పవా?" అన్నాడు.

"సన్మానం కాదన్నా, నా మేనకోడలు సరదాకు ఫొటోలు తీస్తాంది" అన్నాను.

"ఫొటో ఉన్నదంటె సన్మానం అయినట్టే గదా! ఫొటో కోసం గాకపోతె సన్మానమెందుకు జేస్తరు?"

ఇంత పచ్చి నిజం చెప్పినందుకు ఆయనకు కూడా చాయ్ తెప్పించాను. పోతూ పోతూ మెట్ల మీద ఆగి, "మార్చి ఫంక్షన్ల నీ సంగతి ఇగ సూద్దాం తియ్" అన్నాడు. మన సంఘంలో "సూద్దాం" అన్న పని ఇంతవరకూ ఏదీ అయినట్టు నేను చూడలేదు. నిద్ర పట్టడం లేదని కాదు. మోజు లేనివాడికి నిద్రకేం?

కాబట్టి ప్రతి ఫొటో కింద 'ఇది సన్మానం కాదు' అని స్పష్టంగా రాయి.

ఇంకొకటి. నాకు మోజు లేదని రాసిన మాట నిజమే. ఇబ్బంది అని మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ రెండూ వేరు. నా ఉత్తరం మళ్లీ ఒకసారి నిదానంగా చదువు.

మామయ్య


చెల్పూర్,
26 ఫిబ్రవరి 2025.

మామయ్యా,

మీరు చెప్పినట్టే ప్రతి ఫొటో కింద 'ఇది సన్మానం కాదు' అని పెద్ద అక్షరాలతో రాశాను. దాంతో ఫొటోలు ఇంకా ఎక్కువ తిరుగుతున్నాయి. అంత మంచి పేరు నాకు తట్టనే లేదు. ప్రదర్శనకు కూడా అదే పేరు పెట్టేశాను. మీ చలవే!

జనగామలో ప్రకాశ్ అని ఒక కుర్ర నాయకుడు తగులుకున్నాడు. ఫ్లెక్సీల మీద పెద్ద నాయకుల పక్కన గుండ్రంలో చిన్నగా ఉంటారే, ఆ రకం. "అక్కా, నాకొక్కటి గప్పు. ఇంతవరకు నాకెవ్వలు గప్పలే" అన్నాడు. కెమెరా స్టాండు పెట్టడానికి వాళ్ల కారు డిక్కీ తెరిచాను. శాలువాలు! కుప్పలుగా కింద పడ్డాయి. నేను నడుం మీద చేతులు పెట్టుకుని చూశాను. అతను సిగ్గుపడి, "గవి నావి గావక్కా, మా అన్నయి. నేను మోస్త అంతే" అన్నాడు. అది నిజమే. చేతుల నిండా ఇంకొకరి శాలువాలు, భుజం మీద మాత్రం మనది, అలా నిలబెట్టి తీశాను. ఫొటో అయ్యాక భుజం మీది శాలువా తీసి ఇవ్వడానికి కాసేపు వెనకాడాడు పాపం.

ఇప్పుడు చెడ్డ కబురు. మిర్చి పొడి, మేక ఎంగిలి, బస్సు దుమ్ము అన్నీ పట్టాయని అమ్మ శాలువాను ఉతికింది. రంగు దిగింది. దాంతోపాటు నానిన బాపు తెల్ల చొక్కా గులాబీ రంగయింది. అది వేసుకుని డ్యూటీకి వెళ్తే కరెంటు ప్లాంటులో అందరూ "ఎప్పుడు పార్టీ మారినవ్?" అని అడిగారట. బాపు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఇక ఒక్క ఫొటో మిగిలింది. అది ఎవరిదో ఖాయం చేసుకున్నాను. ముందే చెబితే ఆ మనిషి బెదిరిపోతారని చెప్పడం లేదు. మన ఇంటి మనిషే. చిన్నప్పటి నుంచీ శాలువాల మధ్యే పెరిగినవారు. మనసులో ముచ్చట ఉన్నా పైకి "నాకెందుకు" అనే రకం. ఇంతకంటే చెప్పను.

మీ
రచన


తొర్రూరు,
5 మార్చి 2025.

లాభం.

చిరంజీవి రచనకు మామయ్య అనేక ఆశీస్సులు.

సన్మాన శాలువాను ఎవరైనా ఉతుకుతారా? కప్పడానికి, తీయడానికి తప్ప అది దేనికీ నేసింది కాదు. మీ అమ్మ ఈ ఇంట్లో పుట్టి, ఈ దుకాణంలో పెరిగి కూడా ఆ పని చేసిందంటే ఏమనుకోవాలి? మీ బాపుకు కొత్త చొక్కా గుడ్డ పంపుతున్నాను.

సరే, అది పోనివ్వు. దుకాణంలో వెలుతురు గురించి రాయాలనుకున్నాను. పొద్దున ఎండ తిన్నగా గల్లాపెట్టె దాకా వస్తుంది. అక్కడ ఎవరైనా కూర్చుంటే ముఖం మీద చక్కగా పడుతుంది. ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. అలాగే జుట్టుకు రంగు వేసుకుంటే ఫొటోలో తెలిసిపోతుందా? ఇది మీ అత్త అడగమంది.

ఇక అసలు సంగతి. నిన్న సోమనర్సయ్య స్వయంగా దుకాణానికి వచ్చాడు. మొన్నటి కోపం లేదు. నవ్వుకుంటూ కూర్చుని, "ఇరవై మూడో తారీకు ఫంక్షన్. ఒక్క శాలువా గావాలె. మస్తుండాలె. నీ మనసుకు నచ్చింది నువ్వే తియ్" అన్నాడు. ఒక్కటే! నేను వ్యాపారిని, నాకు ఆర్డర్ చూస్తే పెళ్లో చావో తెలుస్తుంది. పదిమందికి సన్మానమైతే పది అడుగుతారు. ఒక్కటి అడిగారంటే ఒక్కరికే. అదీ నా మనసుకు నచ్చింది తీయమన్నారంటే, అది ఎవరికో నేను నోటితో అనడం బాగుండదు.

రెండు వైపుల నుంచీ ఒకేసారి వచ్చేసరికి నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. దాచడమెందుకు, కొంచెం సంతోషంగానే ఉంది. కొంచెమే. మాట్లాడమంటే తడబడకుండా నాలుగు ముక్కలు రాసి పెట్టుకున్నాను. మీ అత్త వినీవినీ ఇప్పుడు తను కూడా అప్పజెబుతోంది.

అమ్మను, బాపును తీసుకుని ఇరవై మూడున తప్పకుండా రా. సంఘం తరఫున ఫొటోగ్రాఫర్ ఉంటాడు గనుక నీ కెమెరా తేకపోయినా ఫరవాలేదు. తెస్తేనే మంచిది.

మామయ్య


భూపాలపల్లి,
14 మార్చి 2025.

మామయ్యా, శుభాకాంక్షలు!

ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. చొక్కా గుడ్డ చూశాక బాపు కూడా మాట్లాడాడు.

కానీ ఇరవై మూడున నాకు ఇక్కడ పెద్ద పెళ్లి ఉంది, అడ్వాన్స్ తీసుకున్నాను, తప్పించుకోలేను. బాపుకు ఆ రోజు డ్యూటీ. అమ్మ ఒక్కతే అంత దూరం బస్సులు మారలేనంటోంది. కోప్పడకండి, తర్వాత అందరం వస్తాం.

జుట్టు సంగతి: అత్తయ్యను రంగు వేసుకోవద్దనండి, ఆమెకు తెల్ల జుట్టే అందం. దుకాణంలో వెలుతురు సంగతి: ఎండ గల్లాపెట్టె దాకా వస్తుంటే బట్టల రంగు వెలిసిపోతుంది, ఒక పరదా కట్టించండి.

చివరి ఫొటో అయిపోయింది. అమ్మ! చిన్నప్పుడు బడి నుంచి రాగానే దుకాణం అరుగు మీద కూర్చుని శాలువాలకు కుచ్చులు ముడి వేసేదాన్నని ఎప్పుడూ చెబుతుంది కదా. ఎన్నిటికి వేసిందో ఆమెకే తెలియదు. ఒక్కటి కూడా ఆమె భుజం మీదికి రాలేదు. వంటింట్లో నిలబెట్టి కప్పాను. "మామయ్యకు చెప్పకు, నవ్వుతడు" అంది. మేక నమిలిన కుచ్చును తనే మళ్లీ ముడి వేసి, ఆ తర్వాతే ఫొటోకు నిలబడింది. ప్రింట్ పంపుతున్నాను, నవ్వకండి.

నా ఆట ముగిసింది. అయినా మీకు అసలైన సన్మానమే జరుగుతుంటే ఈ ఉత్తుత్తి సన్మానంతో పనేముంది! వేదిక మీద మీ ఫొటో రాగానే పంపండి.

మీ
రచన


తొర్రూరు,
25 మార్చి 2025.

రచనకు,

ఫంక్షన్ అయింది. ఎలా జరిగిందో నీకు ఒక్కదానికే రాస్తున్నాను. మీ అమ్మకు చెప్పకు.

పట్టు అంచు పంచె కట్టుకున్నాను. జుట్టుకు రంగు వేసుకున్నాను. మీ అత్త అడగమందని రాశానే, అది కూడా నా కోసమే అడిగాను. ఇద్దరం మొదటి వరుసలో కూర్చున్నాం. వేదిక మీద బల్ల, బల్ల మీద పళ్లెం, పళ్లెంలో నేను తీసి ఇచ్చిన శాలువా. దాన్ని చూస్తుంటే నా గుండె చప్పుడు నా చెవులకే వినిపించింది. నా చెవుల సంగతి నీకు తెలుసు.

మైకులో పేరు పిలిచారు. నాది కాదు. నూనె మిల్లు ఆయనది. సరే, ఆయనకు జ్ఞాపిక ఇస్తారేమో అనుకున్నాను. సోమనర్సయ్య పళ్లెంలోంచి శాలువా తీసి ఆయనకు కప్పాడు. ఫొటో తీశారు. తీయగానే వెనక నిలబడ్డ మనిషి ఆ శాలువా లాగి, మడిచి, మళ్లీ పళ్లెంలో పెట్టాడు. ఇంకో పేరు పిలిచారు. మళ్లీ కప్పారు, ఫొటో తీశారు, లాగారు. అప్పుడు అర్థమైంది. పాత వ్యాపారులందరినీ మెట్ల దగ్గర వరుసలో నిలబెట్టారు. మీ అత్త నా వైపు చూడలేదు. నేను కూడా పోయి వరుసలో నిలబడ్డాను.

నా వంతు వచ్చేసరికి శాలువా చెమటతో తడిగా ఉంది. ముఖ్య అతిథికి ఫోను వచ్చి అటు తిరిగాడు. ఒక భుజం మీద పడిందో లేదో ఫ్లాష్ మెరిసింది. నేను నమస్కారం పెట్టడానికి చేతులెత్తాను. రెండు చేతులూ కలిసేసరికి భుజం మీద ఏమీ లేదు. ఖాళీ భుజంతో ఎవరికో దండం పెడుతూ నిలబడ్డాను. వెనకాయన "జరుగు, జరుగు" అన్నాడు. రాసుకున్న నాలుగు ముక్కలూ జేబులోనే ఉన్నాయి.

దిగాక సోమనర్సయ్యను అడిగాను, ఇదేంది అన్నా అని. ఆయన నా వీపు మీద చరిచి, "ఒక్కటుంటె సాలదా? ఫొటోల ఎవలది వాళ్లకుంటది గదా! గీ ఉపాయం నీ మేనకోడలి దగ్గరనే నేర్సుకున్నం" అన్నాడు. నిన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు, పాపం.

బిడ్డా, మోజు లేదని రాశాను. అది అబద్ధం. ఉంది. చాలా ఉంది. ప్రతి శాలువా కట్టి ఇచ్చేటప్పుడూ ఇది నా మీద ఎలా ఉంటుందో అనుకున్నవాడినే. నీ చివరి ఫొటో నేనేననుకుని మురిసిపోయాను. మీ అమ్మ ఫొటో చూసి కోపం వచ్చింది. కాసేపు చూశాక ఆమె ముఖం చూసి ఆ కోపానికి నాకే సిగ్గేసింది. ఎంత బాగుందో! నేను నవ్వలేదని చెప్పు.

నాకూ ఒకసారి కప్పు. రంగు వెలిసినా ఫరవాలేదు. కప్పాక మాత్రం తొందరగా తీయకు.

మామయ్య


భూపాలపల్లి,
28 మార్చి 2025.

మామయ్యా,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. ముఖానికీ చేతులకూ పొంతన ఉండదని మీరే నేర్పించారు. మీ మాటకూ మనసుకూ పొంతన ఉండదని నాకు తట్టలేదు. పరదా కట్టించమన్నానే, దాన్ని దయచేసి కట్టించకండి.

వచ్చే శనివారం పొద్దున ఎండకు మీ గల్లాపెట్టె దగ్గర ఉంటాను. అమ్మను కూడా తెస్తున్నాను. ముఖ్య అతిథి ఎవరని మీరు అడుగుతారు, నాకు తెలుసు. యాకమ్మను అడిగాను. "ఎవలకో గప్పుడు నాకొస్తదా బిడ్డా?" అని మొదట నవ్వింది. తర్వాత మానుకోట నుంచి మొదటి బస్సుకే వస్తానంది.

శాలువా కప్పడం మా పని. తీయడం మీ ఇష్టం.

మీ
రచన


తొర్రూరు,
8 ఏప్రిల్ 2025.

లాభం.

చిరంజీవి రచనకు ఆశీస్సులు. నువ్వు చూసింది నీకు మళ్లీ రాయను. నేను జేబులోంచి ఉపన్యాసం తీయబోతే యాకమ్మ "ఏం మాట్లాడకు, జర సక్కగ నిలవడు" అన్నది మాత్రం బజారంతా చెప్పుకుని నవ్వుతున్నారు. నవ్వనీ. మీరు బస్సెక్కాక జరిగింది రాస్తాను.

శాలువా తీయలేదు. గుడ్డ కొలిచాను, చించాను, బిల్లులు రాశాను, అన్నీ అది భుజం మీద ఉండగానే. వచ్చినవాళ్లు "సన్మానం ఎవలు జేసిండ్రు?" అని అడిగారు. యాకమ్మ అన్నాను. "యాకమ్మ అంటె ఏ పార్టీ?" అన్నారు. మధ్యాహ్నానికి ఉక్కపోసి, మిగిలిన రంగు కూడా నా చొక్కాకు దిగింది. మీ అత్త "ఇగ తియ్యి, సాలు" అంది. దీన్ని తీయడానికి వెనకాల మనిషెవడూ లేడు, ఉంటే పిలువు అన్నాను.

సాయంత్రం సోమనర్సయ్య వచ్చాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, నేరుగా పనిలోకి దిగాడు. ఈ నెలాఖరున రిటైరవుతున్న టీచర్లకు సంఘం తరఫున సన్మానమట. "ఒక్క శాలువా ఇయ్యి. మొన్నటసొంటిది" అన్నాడు.

"ఎంతమంది టీచర్లు?" అన్నాను.

"ఉన్నరు తియ్, ఓ లైనుంటది."

"లైన్ల ఎన్ని భుజాలున్నయో అన్ని తీస్కపో. ఒక్కటియ్య."

"యాపారం జేస్తున్నవా, ఎగతాళి జేస్తున్నవా?"

"యాపారమే అన్నా. ఒక్కటి మాత్రం ఇయ్య."

ఆయన కాసేపు నా ముఖం చూశాడు, నవ్వుతానేమోనని. నేను నవ్వలేదు. విసురుగా మెట్లు దిగి, ఎదుటి బట్టల దుకాణంలోకి వెళ్లాడు. శాలువాల వ్యాపారంలోకి వచ్చాక నేను వెనక్కి పంపిన మొదటి గిరాకీ ఇదే. మీ అత్త గల్లాపెట్టె మూసి, నా భుజం మీద జారుతున్న శాలువాను సరిగ్గా సర్ది లోపలికి వెళ్లింది.

మామయ్య